లోపలి బోర్డు మీద ఐదు బిళ్ళలు

యానాకాసా గని ముఖద్వారం పక్కన దీపాల గది ఉంది. ఆ గదికి ఒక కిటికీ, బయటి గోడకు రెండు బోర్డులు. ఎడమ బోర్డు మీద 'బయట' అని, కుడి బోర్డు మీద 'లోపల' అని రాసి ఉంటుంది. గనిలో దిగేవాడు కిటికీలోంచి దీపం తీసుకుని, తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఎడమ బోర్డు నుంచి తీసి కుడి బోర్డుకు తగిలిస్తాడు. పైకొచ్చాక దీపం తిరిగిచ్చి బిళ్ళను ఎడమకు మారుస్తాడు. ఎవరి బిళ్ళ వాళ్ళ చేత్తోనే మారాలి. చేతులు రెండూ కట్లలో ఉంటే పళ్ళతో మార్చినవాడు కూడా ఉన్నాడు.

కుడి బోర్డు ఖాళీ అయ్యాకే లోపల మందు పేలుస్తారు. పేల్చే పెట్టెకు తాళం ఉంది. ఆ తాళంచెవి హెర్మెలిండా దగ్గర ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా దీపాల గది ఆమెదే. ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె గనిలోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. బోర్డు విషయంలో ఆమె పట్టుదలకు కారణం చెప్పడానికి క్యాంపులో మూడు కథలున్నాయి. మూడింట్లోనూ మొగుడు గనిలో పేలుడుకు చచ్చిపోతాడు. నిజానికి ఆమె మొగుడు చచ్చిపోయింది రాజధాని లీమాలో, బస్సు కింద పడి. ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి నేనే అడిగాను. "బోర్డు ఉన్నది దానికే కదా పాంకోర్బో" అంది.

నేను అదే గదిలో ఇంకో బల్ల దగ్గర కూర్చుని రేడియో, టెలిఫోను చూస్తాను.

హెర్మెలిండాది ఏడాది కాంట్రాక్టు. ప్రతి జూన్ ముప్పయ్యో తేదీకి అయిపోతుంది. ఆపరేషన్స్ మేనేజరు సంతకం పెడితే ఇంకో ఏడాది. ఆమె ఉండే గది క్యాంపుది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. యాభై ఆరేళ్ళ మనిషికి ఈ కొండల్లో ఇంకో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. నేను చెబుతున్నది జూన్ ఇరవై రెండో తేదీ, గురువారం సంగతి.

ఆపరేషన్స్ మేనేజరు ఇంజనీరు గొన్సాలో ఒయాగె లీమా నుంచి వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. 'నా గని' అంటారు. నాలుగు వేల ఏడు వందల ఇరవై మీటర్ల ఎత్తులో ఉన్న తన గనిలో ఆయన ఒక్క రాత్రి పడుకోలేదు. తలనొప్పట. పదిహేను వందల మీటర్ల దిగువన ఊళ్ళో ఇల్లు తీసుకున్నారు. మంగళవారం, గురువారం పైకొచ్చి మధ్యాహ్నం భోజనానికి దిగిపోతారు. వచ్చిన మొదటి నెలలో ఆఫీసు ముందు పచ్చిక వేయించారు. మంచుకు చచ్చింది. మళ్ళీ వేయించారు. మూడోసారి చచ్చాక ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప తెప్పించి పరిపించారు. దాన్ని కొండల్లో మేసే ల్యామాలు నమిలి ఉమ్మేశాయి. రెండో నెలలో వ్యాయామశాల పెట్టించారు, పరుగెత్తే మిషన్లతో. పది మెట్లెక్కితే రొప్పొచ్చే చోట అది. మావాళ్ళు వాటి మీద తడి మేజోళ్ళు ఆరేసుకుంటారు. వేడినీళ్ళు రోజుకు ఒక గంటే వస్తాయి. ఒక మంచాన్ని రెండు షిఫ్టులవాళ్ళు వంతులవారీగా వాడుకుంటారు. వాటి సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఒకటో నంబరు బిళ్ళ ముప్పై ఏళ్ళుగా ఒక డ్రిల్లరుది. అది తనకు కావాలని ఒయాగె తీసుకున్నారు. ముసలాయనకు 388 ఇచ్చారు.

భోజనశాల గోడకు ఒక తెర కూడా పెట్టించారు. దాని మీద 'ఆలస్యం లేని పేలుళ్ళు' అని ఉంటుంది, కింద అంకె. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మొదటి షిఫ్టు బయటికొచ్చి, రెండో షిఫ్టు దిగేముందు పేలుస్తారు. సరిగ్గా ఒంటిగంటకు పేలితే అంకె ఒకటి పెరుగుతుంది. ఆ గురువారం పొద్దున అది 212. లీమా నుంచి వచ్చిన ముగ్గురు అతిథులకు (బీమా కంపెనీవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి) ఒయాగె ముందు చూపించింది ఆ తెరనే. తరువాత దీపాల గదికి తీసుకొచ్చారు.

ఎనిమిదీ పదికి ఐదుగురు లోపలికి వెళ్ళారు. ముందు ఒయాగె, ఆయన వెనక ముగ్గురు అతిథులు, అందరికంటే వెనక ఎలాదియో. ఎలాదియో క్లినిక్‌లో సహాయకుడు. ముప్పై ఒక్కేళ్ళవాడు, చేరి మూడు నెలలు. అతిథులకు ఊపిరాడకపోతే ఇవ్వడానికి ఆక్సిజన్ సిలిండర్ వీపుకు కట్టుకున్నాడు. ఐదుగురూ బిళ్ళలు కుడి బోర్డుకు మార్చారు. ఎలాదియోది 417.

పదింటికి లోపలి రేడియోలో ఒయాగె మాట్లాడారు. మేడమ్ గారు అలిసిపోయారు, మళ్ళీ పైకెక్కలేరు, ఖనిజం మోసే రైల్లో పన్నెండో లెవెల్ నుంచి దిగువ ద్వారం గుండా బయటికొస్తాం, బండి అక్కడికి పంపమన్నారు. దిగువ ద్వారం ఖనిజానికి, మనుషులకు కాదు. వెళ్ళిన ద్వారంలోంచే బయటికి రావాలన్నది రూలు. ఆ మాట నేను అనలేదు. డ్రైవర్ క్రిస్పిన్‌కు చెప్పాను, అతను బండి దింపాడు. ఆ ఒక్కటీ నా తప్పు.

పన్నెండూ యాభైకి మొదటి షిఫ్టు మొత్తం బయటికొచ్చింది. చివరగా మేస్త్రి తోరిబియో వచ్చాడు. మందు కూరిన చోట్లన్నీ తిరిగి చూసుకుని, దారుల్లో గొలుసులు కట్టి, తన బిళ్ళ మార్చి, కిటికీలోకి చేయి చాపాడు.

"తాళంచెవి ఇవ్వక్కా."

"ఐదు బిళ్ళలున్నాయి."

తోరిబియో చూశాడు. ఒకటి, 417, అతిథుల బిళ్ళలు మూడు.

"దొరలవా? వాళ్ళు కిందినుంచి ఎప్పుడో పోయారు కదా. రైలు నడిపినవాడే చెప్పాడు, వాడి రైల్లోనే దిగారంట."

"దిగితే మంచిదే. వచ్చి బిళ్ళలు మార్చుకోమను."

"అక్కా, వాళ్ళీపాటికి చేపల చెరువు దగ్గర కూర్చుని ట్రౌట్ తింటుంటారు. గంటన్నర దారి."

"తినేసి రమ్మను. నాకేం తొందర?"

బయట రెండో షిఫ్టు పోగైంది. నూట ఎనభై మంది. ఆ ఎత్తులో అలసట తెలియకుండా నమిలే కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని గోడవార కూర్చున్నారు. పేలిన పొగ పోయాక దిగాలి వాళ్ళు. పేలకపోతే దిగడం లేదు.

నేను కూడా ఆమెకు చెప్పాను. బండి పంపింది నేనే, వాళ్ళు బయటే ఉన్నారు, ఆ ఐదు బిళ్ళలూ ఇటు మారిస్తే పని అయిపోతుందని. ఆమె కుర్చీ వెనక్కి జరిపి దారిచ్చింది.

"వెళ్ళు పాంకోర్బో. నీ చేత్తోనే మార్చు. ఎవరు మార్చారో రిజిస్టర్లో రాస్తాను. నీ పేరుకి రెండు 'ఓ'లా, ఒకటా?"

నేను లేవలేదు.

క్లినిక్‌కు ఫోన్ చేశాను. ఎలాదియో అతిథులతోపాటు భోజనానికి పోయాడని నర్సు చెప్పింది. "అదృష్టవంతుడు, మాకు రోజూ ఆ గొర్రె తలకాయ చారే" అంది. నువ్వు చూశావా అని నేను అడగలేదు.

ఒంటిగంటా పదికి క్రిస్పిన్ సెల్‌ఫోనుకు లైను కలిసింది. ఒయాగె తీసుకున్నారు. మా గదిలో ఫోను లౌడ్‌స్పీకరు మీద ఉంటుంది. కిటికీ దగ్గర నిలబడినవాళ్ళకు అంతా వినపడుతుంది. అది నేను ఆయనకు చెప్పలేదు.

"ఒంటిగంటా పది అయింది. పేల్చారా?"

"లేదు ఇంజనీరు గారూ. మీ బిళ్ళలు ఐదూ లోపలి బోర్డు మీదున్నాయి."

"మేం బయటున్నాం కదా! నీతో మాట్లాడుతున్నది ఎవరు, గనిలో దెయ్యమా?"

కిటికీ దగ్గర ఎవరో గొంతు తగ్గించి, "దెయ్యమైతే మర్యాదగా మాట్లాడేది" అన్నాడు.

"మొత్తం ఐదుగురం ఇక్కడే ఉన్నాం" అన్నారు ఒయాగె. "బండిలో ఐదుగురం వచ్చాం. నేనే లెక్కపెట్టాను. ఆ ఆడమనిషికి చెప్పు, బిళ్ళలు మార్చి తాళంచెవి ఇమ్మను."

హెర్మెలిండా ఫోను దగ్గరికి వచ్చింది. "నేను హెర్మెలిండాను ఇంజనీరు గారూ. మీ బిళ్ళ మీరే మార్చాలి. కిటికీ మీద కంపెనీవాళ్ళే రాశారు ఆ రూలు. కింద మీ సంతకం కూడా ఉంది."

"రూలు పనివాళ్ళకి."

"అలా రాయలేదే. కావాలంటే చదివి వినిపిస్తాను."

"వినమ్మా. రెండు వందల పన్నెండు రోజులు. నా పక్కనే అతిథులున్నారు. పొద్దున నేను వాళ్ళకి చూపించింది ఏంటో తెలుసా నీకు?"

"తెర. ఇప్పుడు బోర్డు చూపించండి."

ఆయన గొంతు తగ్గించారు. "ముప్పయ్యో తేదీకి నీ కాంట్రాక్టు అయిపోతుంది కదా? సంతకం పెట్టేది ఎవరు?"

గోడవార నవ్వులు ఆగాయి.

"మీరే" అంది ఆమె. "ఆ చేయి ఇక్కడిదాకా తీసుకొస్తే బిళ్ళ కూడా మార్చుకోవచ్చు."

ఆయన తోరిబియోను ఫోను దగ్గరికి పిలవమన్నారు. ఆమె దగ్గర తాళంచెవి లాక్కోమన్నారు. లాక్కోకపోతే రేపటినుంచి రానక్కర్లేదన్నారు. ఫోను పెట్టేశారు.

తోరిబియో కిటికీ ముందు నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలు, కొత్తగా కట్టుకుంటున్న ఇల్లు. అతని వెనక నూట ఎనభై మంది చూస్తున్నారు. హెర్మెలిండా తాళంచెవి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"నేనివ్వను. నువ్వు తీసుకుంటావా, తీసుకో. అడ్డుపడను."

తోరిబియో తాళంచెవిని చూశాడు. బోర్డును చూశాడు.

"ఇంతకీ నువ్వు కళ్ళారా చూశావా అక్కా, ఎవరైనా లోపలున్నారని?"

"లేదు. నువ్వు కళ్ళారా చూశావా, ఐదుగురూ బయటున్నారని?"

అతను బుగ్గన ఉన్న ఆకుల ముద్ద తీసి అవతల పారేశాడు. కొత్త ఆకులు తీసి పెట్టుకున్నాడు. ఇంక తాళంచెవి వైపు చేయి చాపలేదు. గోడవార వెళ్ళి మిగతావాళ్ళ పక్కన కూర్చున్నాడు.

ఒంటిగంటా నలభైకి ఆయనే మళ్ళీ ఫోను చేశారు. మూడింటికి వస్తానన్నారు. ఈ పిచ్చిదాని ముందు నిలబడటానికి అతిథులను కూడా వెనక్కి తిప్పుకుని రావాల్సి వస్తోందని, దీనికి ఎవరు జవాబు చెబుతారో చూస్తానని అన్నారు. ఇదంతా నూట ఎనభై మందీ విన్నారు.

"చేపలు చల్లారిపోయుంటాయి పాపం" అన్నాడు ఒకడు.

"ఏం పర్లేదు, ముళ్ళు జేబులో వేసుకుని వస్తాడు."

"మనకి తెస్తాడంటావా?"

"తెస్తాడు. ముళ్ళే."

మూడూ నలభైకి బండి వచ్చింది. ఒయాగె దిగి ఎవరి మొహమూ చూడకుండా బోర్డు దగ్గరికి నడిచారు. ఒకటో నంబరు బిళ్ళ లాగి ఎడమ బోర్డుకు తగిలించారు. ఒకటో కొక్కెం వదిలేసి రెండో కొక్కానికి తగిలించారు. పద్నాలుగు నెలల్లో తన బిళ్ళ ఏ కొక్కెందో ఆయన చూసుకోలేదు. మగ అతిథులిద్దరూ తమవి మార్చారు. ఆడమనిషి బండిలోంచి దిగి రెండడుగులు వేసి, మూడోసారి మారిన ఎత్తుకు తట్టుకోలేక బండి చక్రం పట్టుకుని వాంతి చేసుకుంది. లేచి తడబడుతూ వచ్చి తన బిళ్ళ మార్చి కింద కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఆక్సిజన్" అంది.

ఒయాగె బండి వైపు తిరిగారు. "క్రిస్పిన్! సిలిండర్ తే!"

"బండిలో లేదండి" అన్నాడు క్రిస్పిన్.

"లేదంటే? సిలిండర్ ఎక్కడ?"

క్రిస్పిన్ బోర్డు చూశాడు. అప్పుడు అందరం చూశాం. కుడి బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలింది. 417.

"సిలిండర్ ఎక్కడ?" అన్నారు ఒయాగె మళ్ళీ.

"మోసేవాడి వీపు మీద" అంది హెర్మెలిండా. "మోసేవాడు లోపలున్నాడు."

ఆయన ఒంటిగంటా పదికి లెక్కపెట్టిన ఐదుగురిలో ఐదోవాడు క్రిస్పిన్. గనిలో దిగని డ్రైవరును లెక్కలో వేసుకున్నారు. సిలిండర్ మోసినవాడు ఆయన లెక్కలోకే రాలేదు.

తోరిబియో ఒయాగె చొక్కా పట్టుకోలేదు. పట్టుకుంటాడనుకున్నాను. "ఎక్కడ వదిలారు?" అని మాత్రం అడిగాడు.

ఒయాగె కాసేపు ఆలోచించారు. తొమ్మిదో లెవెల్ నుంచి కిందికి నిచ్చెనల బావిలో దిగాల్సి వచ్చిందని, సిలిండర్ అందులో పట్టలేదని, 'నువ్విక్కడే ఉండు, ఇటే తిరిగొస్తాం' అని చెప్పి పాత సొరంగంలో, ప్రమాదమొస్తే తలదాచుకోవడానికి ఉన్న ఆశ్రయం గది దగ్గర వదిలామని చెప్పారు. తరువాత రైలెక్కి దిగువకు వెళ్ళిపోయారు.

ఆ పాత సొరంగంలో పని ఆగి మూడేళ్ళయింది. అతిథులకు చూపించడానికి మాత్రం తలుపు తీస్తారు. పేల్చేముందు అక్కడ ఎవరూ వెతకరు. ఆశ్రయం గదిలో ఒక టెలిఫోను ఉంది. అది నా బల్ల మీద మోగాలి. ఐదు వారాలుగా పనిచేయడం లేదు. బాగుచేయించమని మూడు కాగితాలు పంపాను. మూడూ ఒయాగె బల్ల మీదున్నాయి.

తోరిబియో దీపం తీసుకున్నాడు, తన బిళ్ళ కుడికి మార్చాడు. మరో నలుగురు మార్చారు. పరుగెత్తారు. ఆ ఎత్తులో ఎవరూ పరుగెత్తరు. వాళ్ళు పరుగెత్తారు. బయట ఆడమనిషికి ఎవరో కోకా ఆకుల టీ తెచ్చిచ్చారు. ఒయాగె గడియారం చూసుకున్నారు. నేను లెక్కపెట్టాను, పదకొండుసార్లు.

నాలుగూ ముప్పై ఐదుకి ఆరుగురూ బయటికొచ్చారు. ఎలాదియో సిలిండర్ తన వీపు మీదే తెచ్చాడు. తోరిబియో మోస్తానన్నా ఇవ్వలేదట.

"ఏడు గంటలు కూర్చున్నావురా, బయటికి రావాలనిపించలేదా?" అని ఎవరో అడిగారు.

"ఇటే వస్తామన్నారు ఇంజనీరు గారు. నేనెళ్ళాక మేడమ్‌కి ఊపిరాడకపోతే? దారి కూడా నాకు సరిగ్గా తెలీదు." జేబులోంచి వేయించిన మొక్కజొన్న గింజలు నాలుగు తీసి చూపించాడు. "ఇవి మిగిలాయి."

సిలిండర్ దించి ఆడమనిషి ముక్కుకు మాస్కు పెట్టి మర తిప్పాడు. సిలిండర్ మీటరులో ముల్లు నిండుగా ఉన్నట్టు చూపించింది. ఏడు గంటల్లో అతను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

"మందు కూరింది నాకెంత దూరంలో?" అని తోరిబియోను అడిగాడు.

"అరవై మీటర్లు. మధ్యలో ఒక గోడుంది. పేల్చబోయింది ఆ గోడనే."

ఎలాదియో నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి వెళ్ళి 417ను ఎడమ బోర్డుకు మార్చాడు. తోరిబియోవాళ్ళు తమవి మార్చారు. కుడి బోర్డు ఖాళీ అయింది. హెర్మెలిండా తాళంచెవి తోరిబియో చేతికిచ్చింది. నాలుగూ యాభై రెండుకి కాళ్ళ కింద నేల అదిరింది.

అతిథులు బండి ఎక్కుతుండగా ఒయాగె కిటికీ దగ్గరికి వచ్చారు. ఆయన అలా రావడం నేను చూడలేదు అంతకుముందు. ఎప్పుడూ క్రిస్పిన్‌తో దీపం తెప్పించుకుంటారు.

"రిజిస్టర్లో ఏం రాశారు హెర్మెలిండా గారూ?"

ఆ 'గారు' కూడా అంతకుముందు వినలేదు.

ఆమె చదివింది. "మూడూ నలభై ఒకటి. 417 లోపల ఉన్నాడు. ఇంజనీరు గారు వచ్చి, సిలిండర్ ఎక్కడ అని అడిగారు."

"సిలిండర్ మాట దేనికి అందులో?"

"రెండుసార్లు అడిగారు కదా. నేను ఒకసారే రాశాను."

"చూడండి. మీ కాంట్రాక్టు బండిలోనే ఉంది. ఇప్పుడే తెప్పిస్తాను. ఏడాది కాదు, మూడేళ్ళకి సంతకం పెడతాను. ఈ పేజీ ఇంకోసారి రాయండి. ఎలాదియో పదిన్నరకి బయటికొచ్చాడు. గాలి ఫ్యాను చెడిపోయి ఆలస్యమైంది. అంతే కదా? ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

మూడేళ్ళు. నేను ఆమె మొహం చూశాను. ఆమె రిజిస్టరు తిప్పి ఆయన వైపు పెట్టింది. పక్కన కలం పెట్టింది.

"ఆలస్యంగా వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. ఈ గీత మీద. కాంట్రాక్టు సంగతి తరువాత చూద్దాం."

"మీకు అర్థం కావడం లేదు."

"నాకర్థమైంది ఇంజనీరు గారూ. ఎలాదియో పదిన్నరకి బయటికొచ్చాడని నేను రాస్తే, ఒంటిగంటకి పేల్చి ఉంటే వాడి శవం కూడా బయటే దొరికేది కదా, కాగితం మీద."

ఆయన సంతకం పెట్టలేదు. ఆడమనిషి బండి దిగి వచ్చి కలం తీసుకుని తన గీత మీద సంతకం పెట్టింది. పైన ఏముందో చదవలేదు. మగవాళ్ళిద్దరూ అలాగే పెట్టారు. వాళ్ళూ చదవలేదు. బండి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా బీమా కంపెనీ నివేదిక వచ్చింది. యానాకాసాలో భద్రతా నియమాలు ఎంత కచ్చితమంటే మేనేజరు కూడా తన బిళ్ళ కోసం గంటన్నర వెనక్కి ప్రయాణించారని అందులో రాశారు. ఒయాగెకు లీమాలో ఒక జ్ఞాపిక ఇచ్చారు. అది పుచ్చుకుంటున్న ఫొటో భోజనశాలలో పెట్టారు. తెర మీద అంకె ఎప్పటిలాగే పెరిగింది. ఆ గురువారం 213 అయింది. ఎలా అయిందో తెర నడిపే గుమాస్తా నాకు చెప్పాడు. పైనుంచి ఫోను వచ్చిందట.

ముప్పయ్యో తేదీకి హెర్మెలిండా కాంట్రాక్టు రాలేదు. రిజిస్టరును ఆఫీసువాళ్ళు పట్టుకెళ్ళారు. దీపాల గదికి ఆఫీసు నుంచి ఒక గుమాస్తాను పంపారు. చేరిన రోజే, పన్నెండూ యాభై ఐదుకి, ఇంకా మారని మూడు బిళ్ళలను అతను తన చేత్తో ఎడమకు మార్చాడు. ఆ ముగ్గురూ స్నానాలగదిలో ఉన్నారని అతనికి ఎవరో చెప్పారట. ముగ్గురూ నిజంగా స్నానాలగదిలోనే ఉన్నారు. తాళంచెవి చేతికొచ్చినా తోరిబియో పేల్చలేదు. ముందు స్నానాలగదికి వెళ్ళి ముగ్గురినీ కళ్ళతో చూసి వచ్చాడు.

గని ముఖద్వారానికి ఎదురుగా దారి మలుపు ఉంది. ఆ మలుపు గ్రామసంఘం భూమి, కంపెనీది కాదు. హెర్మెలిండా గ్రామసంఘం దగ్గర అనుమతి తీసుకుని అక్కడ రేకుల పాక వేసింది. పొద్దున తలకాయ చారు, మధ్యాహ్నం మొక్కజొన్న గుగ్గిళ్ళు, జున్ను. రాత్రి ఆ పాకలోనే పడుకుంటుంది. చలికి ఆమె కీళ్ళు వాచాయి. చారు బాగుంటుందని నేను చెప్పలేను. ఉప్పు ఎక్కువ వేస్తుంది.

మొదటి షిఫ్టువాళ్ళు దిగేముందు అక్కడ ఆగుతారు. చారు తాగినా తాగకపోయినా నంబరు చెబుతారు. ఆమె ఒక బడిపిల్లల నోటుపుస్తకంలో రాసుకుంటుంది. పైకొచ్చాక దారి దాటి వచ్చి మొహం చూపిస్తారు, ఆమె కొట్టేస్తుంది. ఎవరూ చర్చించుకుని పెట్టిన పద్ధతి కాదు. రెండో వారానికి ఒక్కడు కూడా తప్పడం లేదు. ఒంటిగంటకు దీపాల గది గుమాస్తా తాళంచెవి ఇస్తాడు. తోరిబియో తీసుకుని పెట్టె దగ్గర నిలబడి మలుపు వైపు చూస్తాడు. ఆమె పుస్తకం మూసి చేయెత్తితేనే తిప్పుతాడు. కొన్ని రోజులు ఒంటిగంటా పది అవుతుంది, కొన్ని రోజులు ఒంటిగంటన్నర. తెర మీద అంకె మాత్రం ఆగదు.

ఒయాగెకు ఈ సంగతి తెలియదు. తెలుసుకోవాలంటే మలుపు దగ్గర బండి ఆపాలి. ఇప్పటికీ మంగళవారం, గురువారం వస్తారు. ఎప్పుడైనా అతిథులతో లోపలికి దిగుతారు. నంబరు చెప్పరు. క్రిస్పిన్ బండి పక్కన పెట్టి, చారు తాగే వంకతో వచ్చి చెబుతాడు.

"ఒకటి లోపలికెళ్ళాడక్కా. వెనక ఇంకో ముగ్గురు. ఎలాదియో కూడా."

ఆమె ఐదూ రాస్తుంది. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను.

"ఆయనది కూడా ఎందుకక్కా?" అన్నాను. "ఒక్కరోజు మర్చిపోయావనుకో, ఎవరు అడుగుతారు?"

"ఆయనైతే అడగలేడు, లోపలుంటాడు" అంది. గిన్నెలో గరిటె తిప్పి నా పళ్ళెంలో ఇంకొంచెం పోసింది. "తిను. ఆయన పైకి రానీ. ఆ తరువాత కావలసినంతసేపు తిట్టుకుందాం."